గెయిన్స్‌బరో: ఇష్టం లేని పనిలో చూపిన పనితనం (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

గత సంచిక ముఖచిత్రంగా నీలం దుస్తుల్లో నిలబడిన కుర్రాడి బొమ్మను వేసి, దాన్ని చిత్రించిన ఇంగ్లిషు చిత్రకారుడు థామస్ గెయిన్స్‌బరో (1727–1788) గురించి లోపలి పేజీలో నాలుగు వాక్యాలు మాత్రమే రాశాము. అవి చాలలేదని వచ్చిన ఉత్తరాలను చూస్తేనే తెలుస్తోంది. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ఈ నెల శీర్షికను పూర్తిగా ఆయనకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక పాఠకుడు): ఆయన పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెప్పగలరా? రాజుగారి బొమ్మలు వేశాడంటే కలిగినింటి బిడ్డే అయి ఉంటాడని మా ఇంట్లో అందరూ అంటున్నారు.

జవాబు: కలిగినిల్లే గాని, ఆ కలిమి ఆయన ఊహ తెలిసేనాటికే కరిగిపోయింది. ఇంగ్లండు తూర్పు ప్రాంతమైన సఫోక్‌లో సడ్‌బరీ అనే ఊరు ఉంది. ఉన్నిబట్టల నేతకు పేరుపడిన ఊరు. అక్కడి బట్టల వర్తకుడు జాన్ గెయిన్స్‌బరో సంతానం తొమ్మిది మందిలో థామస్ కడగొట్టువాడు. 1727 మే 14న అతనికి బాప్టిజం ఇచ్చినట్టు నమోదై ఉంది. 1733లో తండ్రి దివాలా తీశాడు. తల్లికి పూల బొమ్మలు వేసే అలవాటు ఉండేది. పదమూడేళ్ల ప్రాయంలో థామస్ లండన్ చేరి, పుస్తకాలకు బొమ్మలు చెక్కే ఫ్రెంచి కళాకారుడు గ్రావెలో దగ్గరా, రంగస్థల దృశ్యాలు వేసే ఫ్రాన్సిస్ హేమన్ సాంగత్యంలోనూ పని నేర్చుకున్నాడు. డచ్చి చిత్రకారుల ప్రకృతి దృశ్యాలను కాపీ చేయడం కూడా ఆ రోజుల్లోనే అలవాటైంది.

1746లో, పందొమ్మిదేళ్ల వయసులో, మార్గరెట్ బర్‌ను పెళ్లాడాడు. ఆమె బ్యూఫర్ట్ డ్యూక్‌కు వివాహేతర సంబంధం వల్ల కలిగిన కూతురు. ఆ డ్యూక్ ఆమెకు ఏటా 200 పౌండ్లు ముట్టేటట్టు ఏర్పాటు చేసి పోయాడు. బొమ్మలు అంతంతమాత్రంగా అమ్ముడుపోయిన తొలినాళ్లలో ఇల్లు గడవడానికి ఆ డబ్బే ఆసరా అయింది. తరువాతి జీవితమంతా గిరాకీ వెంట సాగిన ప్రయాణం: సడ్‌బరీ నుంచి 1752లో ఇప్స్‌విచ్ రేవు పట్టణానికి, 1759లో వేడినీటి బుగ్గల కోసం ధనికులు మూగే బాత్ నగరానికి, 1774లో లండన్‌లోని పాల్ మాల్ వీధిలో ఉన్న షోంబర్గ్ హౌస్‌కు. 1768లో లండన్‌లో చిత్రకారుల సంస్థ అయిన రాయల్ అకాడమీ ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఆయనా ఒకడు.

ప్రశ్న (హనుమకొండ, రాజమహేంద్రవరం నుంచి వచ్చిన ఉత్తరాలు): పోర్ట్రెయిట్లు వేయడమంటే ఆయనకు గిట్టేది కాదని చదివాము. గిట్టని పనిలో అంత పేరు ఎలా వచ్చింది? డబ్బు కోసమే వేశాడా?

జవాబు: గిట్టకపోవడం నిజం, డబ్బు కోసం వేయడమూ నిజం. సంగీతకారుడైన మిత్రుడు విలియం జాక్సన్‌కు రాసిన ఒక ఉత్తరంలో, ఈ ముఖాల బొమ్మలతో విసిగిపోయానని, తన వయొలా ద గాంబా పట్టుకుని ఏదైనా మంచి పల్లెకు వెళ్లిపోయి, ప్రకృతి దృశ్యాలు వేసుకుంటూ మిగిలిన రోజులు నిశ్చింతగా గడపాలని ఉందని మొరపెట్టుకున్నాడు. వయొలా ద గాంబా అంటే మోకాళ్ల మధ్య నిలిపి కమానుతో వాయించే తంత్రీవాద్యం. దానిలో ఐరోపా అంతటా పేరున్న కార్ల్ ఫ్రీడ్రిష్ ఏబెల్ ఆయనకు ఆప్తమిత్రుడు. ఆ పల్లె కల నెరవేరలేదు. ప్రకృతి దృశ్యాలు కొనేవారు లేక అవి షోంబర్గ్ హౌస్‌లో ఆయన పనిగదికి వెళ్లే దారి పొడవునా గోడలకు వేలాడుతూ ఉండేవట; తమ బొమ్మ వేయించుకోవడానికి వచ్చిన దొరలు వాటి ముందునుంచే నడిచి వెళ్లేవారు, ఆగి చూసేవారు అరుదు.

పోర్ట్రెయిట్లకు మాత్రం ధర ఏటికేడు పెరిగింది. ఇప్స్‌విచ్‌లో తల, భుజాల వరకు బొమ్మకు 8 గినీలు, నడుము దాకా వేస్తే 15 గినీలు పుచ్చుకున్న మనిషి, 1787 నాటికి వరుసగా 40, 80, నిలువెత్తు బొమ్మకు 160 గినీలు పుచ్చుకునేవాడు. గినీ అంటే 21 షిల్లింగులు, పౌండు కంటే ఒక షిల్లింగు ఎక్కువ. భార్యకు ఏటా వచ్చే 200 పౌండ్లతో పోల్చి చూస్తే ఒక్క నిలువెత్తు బొమ్మ ఎంత బరువైన సంపాదనో తెలుస్తుంది.

అయితే ఆయన విసుగుమాటలను ముందు పెట్టుకుని ఆ పోర్ట్రెయిట్లను మొక్కుబడి పనిగా తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. ఇంకో మాట కూడా అంటాను: ఆయన ప్రేమించిన ప్రకృతి దృశ్యాల కంటే విసుక్కుంటూ వేసిన ముఖాలే మెరుగైన చిత్రాలు. పెద్దవాడయ్యాక ఆయన కొండలూ అడవులూ బయటికి వెళ్లి చూసి వేసినవి కావు. బల్ల మీద రాళ్ల ముక్కలు, ఎండిన మొక్కలు, నీళ్లకు బదులు అద్దం పెంకులు పేర్చుకుని, ఆ బొమ్మరిల్లును చూస్తూ ఊహించి వేసినవి. అక్కడ ఆయన చేతికి అడ్డు చెప్పేవారు లేరు గనుక ఒకే రకపు చెట్లు, ఒకే రకపు మలుపులు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు ఆ వెసులుబాటు లేదు. పోలిక కుదిరి తీరాలి. ఈ విషయంలో ఆయన ఎంత పట్టుదల మనిషో 1771లో డార్ట్‌మత్ ప్రభువుతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు చెబుతాయి. భార్య బొమ్మ ఆమెలా లేదని ప్రభువు ఫిర్యాదు చేస్తే, ఆమెకు కాలానికి చెందని వేషం వేయించడమే అందుకు కారణమని, పోర్ట్రెయిట్‌కు ప్రధానమైన అందమూ ప్రయోజనమూ పోలికేనని, నేటి దుస్తుల్లోనే మళ్లీ వేస్తానని ఆయన బదులు రాశాడు. ఆ కాలంలో గొప్పింటి స్త్రీలను గ్రీకు దేవతల వేషంలో చిత్రించడం పెద్ద ఫ్యాషన్. ఆయన ప్రత్యర్థి జాషువా రెనాల్డ్స్ ఆ బాణీకి పెద్దదిక్కు.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి చిత్రకళ విద్యార్థిని): గెయిన్స్‌బరో పట్టు బట్టను దగ్గరగా చూస్తే గీతలే కనిపిస్తాయనీ, దూరం నుంచి చూస్తేనే బట్ట అవుతుందనీ మా మాస్టారు చెప్పారు. ఆయన పనిచేసే పద్ధతి వివరించగలరా?

జవాబు: మీ మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ మాటను మొదట పకడ్బందీగా చెప్పినవాడు రెనాల్డ్సే. గెయిన్స్‌బరో పోయిన ఏడాదే, 1788 డిసెంబరులో, రాయల్ అకాడమీ విద్యార్థులకు చేసిన ప్రసంగంలో, ఆయన చిత్రాల్లో దగ్గర నుంచి చూసేవారికి కాకతాళీయంగా పడినట్టుండే వింత గీతలూ మరకలూ తగినంత దూరం జరిగేసరికి ఏదో గారడీ చేసినట్టు రూపం దిద్దుకుని, ప్రతి భాగమూ తన చోట కుదురుకుంటుందని రెనాల్డ్స్ ఒప్పుకున్నాడు. ఆ పద్ధతిని విద్యార్థులకు ఆదర్శంగా చూపించడానికి ఆయనకు మనసొప్పలేదు, దాని ఫలితాన్ని కాదనడానికీ నోరు రాలేదు.

ఇక పద్ధతి. రంగును టర్పెంటైన్‌తో బాగా పలుచన చేసుకునేవాడు. రంగుల పలకను సరిగా పట్టుకోకపోతే రంగు అంచు దాటి కారిపోయేంత నీళ్లగా ఉండేదని కూతురు మార్గరెట్ తరువాత చెప్పింది. అలాంటి రంగు పొరలు పొరలుగా ఒకదానిలోంచి ఒకటి కనిపిస్తుంది. సన్నని పట్టు, లేసు, మస్లిను వంటివి వేయడానికి దానికి మించినది లేదు. కుంచెలను సుమారు ఆరడుగుల కర్రలకు కట్టి, కూర్చున్న మనిషీ కాన్వాసూ తన కంటికి సమాన దూరంలో ఉండేటట్టు నిలబడి వేసేవాడట. పని మొదలుపెట్టేటప్పుడు గదిని దాదాపు చీకటి చేసేవాడు. కూర్చున్న మనిషి గాని బొమ్మ గాని సరిగా కనిపించనంత మసక వెలుతురని బాత్‌లో ఆయన పని చూసిన ఓజియస్ హంఫ్రీ రాశాడు. రాత్రివేళ కొవ్వొత్తి వెలుగులోనూ వేసేవాడు. మసకలో కనురెప్పలు, గుండీలు కనిపించవు. వెలుగు ఎక్కడ పడింది, నీడ ఎక్కడ నిలిచింది అన్నదే కనిపిస్తుంది. ముందు ఆ మొత్తం కుదిరాక కిటికీలు తెరిచి ముఖం వివరాలకు దిగేవాడు. మీరు పని నేర్చుకుంటున్నారు గనుక ఒకసారి ఈ పద్ధతిలో ప్రయత్నించి చూడండి.

ఇంకొక సంగతి. ఆ రోజుల్లో పేరున్న పోర్ట్రెయిట్ చిత్రకారుడు ముఖమూ చేతులూ తాను వేసి, బట్టలను అందుకోసమే ఉన్న పనివాళ్లకు అప్పగించడం మామూలు. రెనాల్డ్స్ కూడా అలాగే చేసేవాడు. గెయిన్స్‌బరో తలవెంట్రుక నుంచి చెప్పుల దాకా తానే వేసేవాడు. ఆయన దగ్గర ఉన్న సహాయకుడల్లా 1772లో పనిలో చేరిన మేనల్లుడు గెయిన్స్‌బరో డ్యూపాంట్ ఒక్కడే. ముఖమూ, బట్టా, వెనుక ఉన్న చెట్టూ ఒకే చేతి ఊపులో కదలడం ఆయన చిత్రాల్లో చప్పున తెలిసిపోతుంది.

ఈ పద్ధతి వల్లనే ఆయనకు అకాడమీతో చెడింది. ప్రదర్శన హాలులో నిలువెత్తు బొమ్మలను తలుపు ఎత్తు కంటే పైన వేలాడదీయడం నియమం. అంత ఎత్తున పెడితే తన సున్నితమైన పనితనం కనిపించదని ఆయన వాదన. 1784లో జార్జ్ రాజు పెద్ద కూతుళ్లు ముగ్గురి చిత్రాన్ని కిందికి పెట్టమని అడిగితే అకాడమీ ఒప్పుకోలేదు. ఆయన పంపిన బొమ్మలన్నీ వెనక్కి తెప్పించుకుని, బతికినంతకాలం మళ్లీ అక్కడ ప్రదర్శించలేదు. షోంబర్గ్ హౌస్‌లోనే తన ప్రదర్శనలు తాను పెట్టుకున్నాడు. మొండితనమని కొందరు అన్నారు. నాకైతే న్యాయం ఆయన పక్షానే ఉందనిపిస్తుంది.

ప్రశ్న (ఒంగోలు): ఒక్క చిత్రాన్ని తీసుకుని విడమరచి చెప్పండి. పేర్లూ తేదీలూ ఎన్ని చెప్పినా బొమ్మ కళ్లకు కట్టడం లేదు.

జవాబు: సరే, లండన్ నేషనల్ గ్యాలరీలోని ‘మిస్టర్ అండ్ మిసెస్ ఆండ్రూస్’ తీసుకుందాం. 1750 ప్రాంతంలో, ఇరవై మూడేళ్ల వయసులో, సొంత ఊరి పక్కనే వేసిన చిత్రం. రాబర్ట్ ఆండ్రూస్ భూస్వామి. ఫ్రాన్సిస్ కార్టర్‌ను 1748 నవంబరులో పెళ్లాడాడు, అప్పటికి ఆమెకు పదహారేళ్లు. పెద్ద ఓక్ చెట్టు కింద వంపుల బెంచీ మీద ఆమె లేత నీలం దుస్తుల్లో నిటారుగా కూర్చుని ఉంది. పరచుకున్న పరికిణీ బెంచీని దాదాపు కప్పేసింది. పక్కనే అతను ఒక కాలు మీద మరో కాలు అడ్డంగా వేసి, చంకలో తుపాకీతో, ఇదంతా నాదే అన్నట్టు నిర్లక్ష్యంగా నిలబడ్డాడు. వేటకుక్క మోర ఎత్తి అతని వైపే చూస్తోంది. ఇద్దరి చూపూ మన మీదే ఉంది, ఒకరి మీద ఒకరికి లేదు.

ఈ దంపతులు కాన్వాసులో ఎడమ పక్కకు ఒదిగారు. మిగతా సగానికి పైగా పొలమే. కోసిన గోధుమ పనలు నిలబెట్టి ఉన్నాయి, మొదళ్లు తిన్నని సాళ్లలో కనిపిస్తాయి. అప్పటికి కొత్తగా వాడుకలోకి వస్తున్న విత్తే గొర్రుతో సాగు చేసిన పొలమని, యజమాని నవీన పద్ధతుల రైతని దానివల్ల తెలుస్తుంది. దూరాన చెట్ల సందున సడ్‌బరీ చర్చి శిఖరం ఉంది. డబ్బిచ్చినవారి ముఖాలు వేస్తూనే తన ఇష్టమైన నేలను ఎలా దక్కించుకున్నాడో చూడండి! ఆమె ఒడిలో మాత్రం కొంత మేర రంగే లేదు, గోధుమవన్నె మరక ఒకటి మిగిలిపోయింది. భర్త కొట్టిన నెమలికోడి అక్కడ రావలసి ఉందని కొందరు, పుట్టబోయే బిడ్డ కోసం ఖాళీ ఉంచారని మరికొందరు అంటారు. ఈ చిత్రం 1960 దాకా ఆ కుటుంబం దగ్గరే ఉండిపోయింది.

ప్రశ్న (చాలామంది): మీరు ముఖచిత్రంగా వేసిన నీలం కుర్రాడు ఎవరు? నీలం రంగు చిత్రం మధ్యలో ఉండకూడదన్న రెనాల్డ్స్ మాటను వమ్ము చేయడానికే ఈ బొమ్మ వేశాడన్నది నిజమేనా?

జవాబు: ఆ కథకు తేదీలే అడ్డం. ‘బ్లూ బాయ్’ 1770లో అకాడమీ ప్రదర్శనకు వెళ్లింది. చిత్రంలో ప్రధానమైన వెలుగు పసుపు, ఎరుపు వంటి వెచ్చని రంగుల్లో ఉండాలని రెనాల్డ్స్ ఉపదేశించింది 1778లో. ఎనిమిదేళ్ల తరువాత వచ్చిన మాటకు ముందే బదులు చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ కుర్రాడి దుస్తులు ఆనాటివి కావు. గెయిన్స్‌బరోకు నూరేళ్లకు పైగా ముందటి చిత్రకారుడు వాన్ డైక్ వేసిన రాజకుమారుల దుస్తులు. వాన్ డైక్ అంటే గెయిన్స్‌బరోకు ఆరాధన. ఈ బొమ్మ ఆయనకు పెట్టిన నమస్కారం. (డార్ట్‌మత్ ప్రభువుకు వేషాలు వద్దన్న మనిషి ఇక్కడ తానే వేషం కట్టించాడు కదా అని మీరు అడగవచ్చు. ఇది ఎవరో పురమాయించి వేయించుకున్న బొమ్మలా కనిపించదు గనుక ఆ లెక్క వేరని నా సమాధానం.) ఎక్స్‌రే తీస్తే కింద మరొకరి అసంపూర్ణ చిత్రం బయటపడింది, పాత కాన్వాసునే తిరగ వాడుకున్నాడన్నమాట. ఒక కుక్కను కూడా వేసి, తరువాత రాళ్లతో కప్పేశాడు.

కుర్రాడు ఇనుప సామాను వర్తకుడి కొడుకు జొనథన్ బటల్ అని పాత వాడుక. చిత్రం అతని దగ్గరే ఉండేది. అయితే 1770 నాటికి బటల్‌కు పద్దెనిమిదేళ్లు. బొమ్మలో పిల్లవాడు అంతకంటే చిన్న. అందుకే ఇటీవల కొందరు పరిశోధకులు మేనల్లుడు డ్యూపాంటే కూర్చున్నాడని అంటున్నారు. 1921లో అమెరికా రైల్వే సంపన్నుడు హెన్రీ హంటింగ్టన్ దీన్ని 7 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నాడు. ఓడ ఎక్కించేముందు, 1922 జనవరిలో, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంచితే సుమారు 90,000 మంది వచ్చి చూశారు. సరిగ్గా నూరేళ్లకు, 2022 జనవరిలో, కొన్ని నెలల ఎరువు మీద మళ్లీ అదే గ్యాలరీకి వెళ్లింది.

ప్రశ్న (నిజామాబాద్): రాజులు, ప్రభువులే తప్ప సామాన్యుల బొమ్మలు వేయలేదా?

జవాబు: వేశాడు. వాటిలో తప్పక చెప్పుకోవలసింది 1768 నవంబరు 29న బాత్‌లో వేసిన ఇగ్నేషియస్ సాంచో చిత్రం. సాంచో ఆఫ్రికన్ బానిసల సంతతివాడు. మాంటేగ్యూ ప్రభువుల ఇంట కొలువు చేసేవాడు, సంగీతం కూర్చేవాడు. తరువాత వెస్ట్‌మినిస్టర్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. 1774 బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేశాడు. ఆ బొమ్మను గంటా నలభై నిమిషాల్లో ముగించాడని చిత్రం వెనుక రాసి ఉంది. నౌకరు దుస్తుల్లో కాక, బంగారు అంచున్న ఎర్రని వెయిస్ట్‌కోటులో, దానిలోకి చెయ్యి దోపుకుని పెద్దమనిషి భంగిమలో కూర్చున్నాడు. గోధుమవన్నె నేపథ్యం మీద ముఖం ఎంతో ఆప్యాయంగా రూపుదిద్దుకుంది. ప్రస్తుతం అది ఒట్టావాలోని కెనడా జాతీయ గ్యాలరీలో ఉంది.

ప్రశ్న (చెన్నై): ఆయనకు మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: ఆయన ఇక్కడికి రాలేదు. మద్రాసులో కుంఫిణీ సైన్యాన్ని తీర్చిన స్ట్రింగర్ లారెన్స్ వృద్ధాప్యంలో ఆయనచేత బొమ్మ వేయించుకున్నాడు. అది లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. ఆయన తరం చిత్రకారుల్లో టిల్లీ కెటిల్ 1769లో మద్రాసులో దిగి ఆర్కాటు నవాబు మహమ్మదలీ బొమ్మ వేశాడు. పైన చెప్పిన హంఫ్రీ కూడా 1780లలో కలకత్తా, లక్నోలకు వచ్చాడు. గ్రామ చరిత్రలైన కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ తన సహాయకులతో నిలబడిన బొమ్మ వేసినవాడు వీరి తరువాత మద్రాసులో స్థిరపడిన ఐర్లండ్ చిత్రకారుడు థామస్ హికీ.

ప్రశ్న (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు): ఆయన కూతుళ్ల బొమ్మలు ఎక్కడో చూశాను, మనసులో నిలిచిపోయాయి. వారి గురించి రాయండి.

జవాబు: మేరీ 1750లో, మార్గరెట్ 1751లో పుట్టారు. అంతకుముందు పుట్టిన మరో మేరీ పసితనంలోనే పోయింది. ఈ ఇద్దరినీ ఆయన మళ్లీ మళ్లీ చిత్రించాడు. ఎవరూ డబ్బివ్వని ఈ చిత్రాల్లో చాలా వరకు పూర్తి కాలేదు. ఇప్స్‌విచ్‌లో వేసిన సీతాకోకచిలుక చిత్రంలో చిన్నది ముందుకు ఉరికి ముళ్లమొక్క మీద వాలిన తెల్ల సీతాకోకచిలుకకు చెయ్యి చాపుతోంది. పెద్దది దాని చెయ్యి పట్టుకుని, తానూ చూస్తూనే, కొంచెం వెనక్కి తగ్గింది. రెండో నిమిషంలో ముల్లు గుచ్చుకుంటుందని చూసేవాడికి తెలుసు, పిల్లకు తెలియదు. ముఖాల దగ్గరే పని ముగిసింది. బట్టలు నాలుగైదు కుంచె విసురులతో ఆగిపోయాయి. నా వరకు ఆయన వేసిన వాటిలో ఇదే అన్నిటికంటే గొప్ప చిత్రం.

ముఖాలు గీసి బతకగలిగేలా ఇద్దరికీ చిత్రలేఖనం నేర్పాలని ఆయన అనుకున్నాడు, అది సాగలేదు. 1780లో మేరీ జర్మన్ ఓబో వాద్యకారుడు యోహాన్ ఫిషర్‌ను పెళ్లాడింది. తండ్రి అయిష్టంగానే ఒప్పుకున్నాడు. కాపురం కొద్ది నెలలకు మించి నిలవలేదు. తరువాత ఆమెకు మతిస్థిమితం తప్పింది. పెళ్లి చేసుకోని మార్గరెట్ 1820లో చనిపోయేదాకా అక్కను కనిపెట్టుకుని ఉంది. మేరీ 1826 దాకా బతికింది.

ప్రశ్న (అనంతపురం): రెనాల్డ్స్‌తో చివరిదాకా పగేనా?

జవాబు: పగ కాదు, పోటీ. 1788లో మెడ మీద పుట్టిన కాన్సర్‌తో మంచం పట్టినప్పుడు గెయిన్స్‌బరో స్వయంగా ఉత్తరం రాసి రెనాల్డ్స్‌ను పిలిపించుకున్నాడు. మనమందరం స్వర్గానికే పోతున్నాం, వాన్ డైక్ కూడా ఆ బృందంలో ఉన్నాడని అన్నాడని చెబుతారు. ఆగస్టు 2న కన్నుమూశాడు. క్యూ గ్రామంలోని సెయింట్ ఆన్ చర్చి ఆవరణలో సమాధి ఉంది. శవపేటిక వెంట నడిచినవారిలో రెనాల్డ్స్ కూడా ఉన్నాడు.

ప్రశ్న (లాస్ ఏంజెలెస్ నుంచి ఒక పాఠకుడు): అసలు బొమ్మలు ఎక్కడెక్కడ చూడవచ్చు?

జవాబు: మీకు దగ్గరలోనే, శాన్ మరీనోలోని హంటింగ్టన్ మ్యూజియంలో ‘బ్లూ బాయ్’ ఉంది. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో నాటకకర్త షెరిడన్ భార్య, గాయని ఎలిజబెత్ లిన్లీ చిత్రం ఉంది. గాలికి చెట్లూ జుట్టూ ఒకే వైపు ఊగే ఆ బొమ్మను వదలకండి. లండన్ వెళ్లేవారికి నేషనల్ గ్యాలరీలో ఆండ్రూస్ దంపతులు, కూతుళ్లు, నటి సిడన్స్ ఒకే చోట దొరుకుతారు. సడ్‌బరీలో ఆయన పుట్టిన ఇల్లు 1961 నుంచి మ్యూజియంగా ఉంది. ఎక్కడ చూసినా ముందు పది అడుగుల దూరంలో నిలబడి, తరువాత కాపలావారు ఒప్పుకున్నంత దగ్గరికి వెళ్లి, మళ్లీ వెనక్కి జరగండి. అచ్చు ప్రతుల్లో ఆ తేడా పట్టుబడదు.